గట్టు రోడ్డు మీద ముందు చక్రం మాట వినడం లేదంటే వెనక షాకులు చూడు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఏడేళ్ళ పాత వంద సీసీ బండి. రోజూ ముమ్మిడివరం వైపు నుంచి కాలువ గట్టు పట్టుకుని రొయ్యల చెరువుల దాకా పద్నాలుగు కిలోమీటర్లు. పొద్దున్న వెనక క్యారియర్ మీద పాతిక కిలోల మేత బస్తాలు రెండు, ఒక్కోసారి మూడు. తిరిగొచ్చేది ఖాళీగా. ట్రాక్టరు గాడిలో పడితే ముందు చక్రం దాని దారిన అది పోతోంది, యాభై దాటితే హ్యాండిల్ ఊగుతోంది, సిమెంటు రోడ్డు ఎక్కేటప్పుడు వెనక ధన్‌మని కొడుతోంది. ఒకాయన షాకులు, అదే వెనక కుదుపు ఆపే స్ప్రింగు గొట్టాలు, ఫుల్ హార్డ్ పెట్టమన్నాడు, ఇంకొకాయన ఫోర్కుల్లో, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాల్లో, ఆయిల్ ఎక్కువ పోయమన్నాడు, మూడో ఆయన గ్యాస్ షాకులు కొనమన్నాడు. ఏది చెయ్యాలని అడిగావు.

ముగ్గురి మాటా కాసేపు పక్కన పెట్టు. అమలాపురం దగ్గర షెడ్డు పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ముందు చక్రం సరిగ్గా పోవట్లేదని వచ్చిన బళ్ళలో సగానికి పైగా రోగం వెనకే ఉండేది. నీదీ అదే అనిపిస్తోంది. ఎందుకో చెప్తాను, కాస్త లెక్క ఉంటుంది, విసుక్కోకు.

నీ బండి రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 1230 మిల్లీమీటర్లు. క్యారియర్ మీద కట్టిన బస్తాల బరువు వెనక ఇరుసుకి ఇంకా వెనక పడుతుంది, ఓ 250 మిల్లీమీటర్లు అనుకో. యాభై కిలోలు అక్కడ పెడితే వెనక చక్రం మీద పడేది యాభై కాదు, అరవై. ఆ పది కిలోలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ముందు చక్రం మీద నుంచి. పిల్లలు ఉయ్యాల బల్ల ఆడినట్టే, ఇటు నొక్కితే అటు లేస్తుంది. నువ్వు ఎక్కి కూర్చున్నా ముందు చక్రం మీద ఉండేదే డెబ్భై కిలోల చిల్లర. అందులో పది పోయింది. దానికి తోడు వెనక షాకులు మామూలు కంటే నలభై మిల్లీమీటర్లు ఎక్కువ కుంగాయనుకో, బండి మొత్తం దాదాపు రెండు డిగ్రీలు వెనక్కి వాలుతుంది. ఫోర్కులు చాచుకుంటాయి, హ్యాండిల్ బద్ధకిస్తుంది. అలాంటి చక్రాన్ని గాడి ఎటు లాగితే అటు పోతుంది.

దీనికి పరీక్ష ఏంటంటే, బస్తాలతో చీకటి పడ్డాక ఎప్పుడైనా వెళ్ళావా? హెడ్‌లైటు వెలుగు రోడ్డు వదిలేసి కొబ్బరి మొవ్వుల మీద పడుతుంటే, నేను చెప్పింది నీ బండిలో జరుగుతున్నట్టే.

అందుకని మొదటి పని ఖర్చు లేనిది. బస్తాలు క్యారియర్ మీద నుంచి తీసి, వెనక సీటు మీద అడ్డంగా, నీ నడుముకి ఆనేటట్టు వేసి తాడు కట్టు. అక్కడైతే బరువు ఇరుసుకి ముందుకి వస్తుంది, ఓ 200 మిల్లీమీటర్లు వచ్చినా ముందు చక్రానికి ఎనిమిది కిలోలు కలుస్తాయి. ఇందాక పోయిన పదీ, ఇప్పుడు వచ్చిన ఎనిమిదీ కలిపితే పద్దెనిమిది కిలోల తేడా. పైసా పెట్టకుండా ఇంత తేడా తెచ్చే పని ఇంకోటి లేదు. మన ఊళ్ళల్లో ఎక్సెల్ బండి మీద అంతంత కొబ్బరికాయల బస్తాలు వేసుకుని గట్టు మీద తిన్నగా పోతుంటారు చూశావా? ఆ బండి గొప్ప షాకులేం కావు. మొదటి బస్తా కాళ్ళ దగ్గర, రెండు చక్రాల మధ్యన పడుతుంది. అదీ కిటుకు.

మూడో బస్తా సంగతి. ఇలాంటి బళ్ళు మొయ్యగలిగే బరువు మనిషితో కలిపి 130 కిలోల చుట్టూ ఉంటుంది, నీ బండి పుస్తకంలో సరిగ్గా ఎంతో రాసి ఉంటుంది చూడు. నువ్వు 68 కిలోలన్నావు, రెండు బస్తాలతో 118. మూడోది ఎక్కితే దాటిపోయావు. దానికి నా దగ్గర సెట్టింగు లేదు. రెండు ట్రిప్పులు వెయ్యి.

ఇక షాకులు. వెనక రెండు షాకులకీ అడుగున మెట్లు మెట్లుగా ఒక రింగు ఉంటుంది, మామూలుగా ఐదు మెట్లు. కొక్కెం పానాతో తిప్పుతారు. దాన్ని అందరూ హార్డ్, సాఫ్ట్ అంటారు, నేనూ నోటికి అలవాటై అంటాను గానీ ఆ మాట తప్పు. రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడదు. స్ప్రింగు తీగ అదే, చుట్లు అవే. స్ప్రింగుని ముందే కాస్త నొక్కి పెడుతున్నావంతే. దానివల్ల బండి ఎత్తు పెరుగుతుంది, బరువు పడ్డాక కుంగేది తగ్గుతుంది. షాకు మెట్టు అసలు ఉన్నది ఇందుకే, మోసే బరువు మారినప్పుడల్లా బండి ఎత్తుని మళ్ళీ దాని చోటికి తేవడానికి.

మరి ఫుల్ హార్డ్ పెట్టి వదిలేస్తే ఏం పోయిందంటావు. చక్రం పైకి లేవడమొక్కటే కాదు, గుంట వచ్చినప్పుడు కిందికి దిగాలి కూడా. బండి నీ బరువుకి కొంత కుంగి ఉంటేనే ఆ దిగే చోటు మిగులుతుంది. అస్సలు కుంగకపోతే గుంట దగ్గర చక్రం గాలిలో ఉండిపోతుంది, ఆ క్షణం రోడ్డుకీ నీకూ సంబంధం ఉండదు. తిరుగు ప్రయాణంలో ఖాళీ బండి గంతులేస్తోందని రాశావు చూడు, అది ఇదే. కావిడి మోసేవాళ్ళని చూసే ఉంటావు. బద్ద అడుగుకి తగ్గట్టు వంగి లేవాలి. వంగని దుంగ భుజాన వేసుకుంటే రెండు ఫర్లాంగులు నడవలేడు.

కొలత తీసుకో, ఊహ మీద తిప్పకు. బండిని సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాలిలో ఉండగా, ఇరుసు నట్టు నడిమధ్య నుంచి తిన్నగా పైకి సీటు కింద ఎక్కడో ఒక గుర్తు పెట్టుకుని టేపుతో కొలువు. ఇది మొదటి అంకె. స్టాండ్ తీసి, ఎవరూ ఎక్కకుండా, సీటు రెండుసార్లు నొక్కి వదిలి మళ్ళీ కొలువు. రెండోది. ఇప్పుడు బస్తాలు వేసి, నువ్వు రోజూ వెళ్ళే బట్టల్లో ఎక్కి కూర్చో, కాళ్ళు పైకి పెట్టు, ఇంకొకరు బండి పట్టుకుంటే మూడోవాళ్ళు కొలవాలి. మూడో అంకె. ఇలాంటి బళ్ళలో వెనక చక్రం మొత్తం కదిలేది 80 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య. అందులో మూడో వంతు కుంగితే బాగున్నట్టు, అంటే మొదటి అంకెకీ మూడో అంకెకీ తేడా పాతిక, ముప్పై. బస్తాలతో ముప్పై ఐదు దాకా ఫర్వాలేదు. యాభై వస్తుంటే మెట్టు పెంచు. ఐదో మెట్టు మీద కూడా యాభై వస్తుంటే స్ప్రింగు అలిసిపోయింది, లేదా బరువు ఎక్కువైంది.

మొదటి అంకెకీ రెండో అంకెకీ తేడా కూడా చూడు. ఖాళీ బండి దాని బరువుకి అదే ఐదు, పది మిల్లీమీటర్లు కుంగాలి. సున్నా వస్తే మెట్టు ఎక్కువైంది.

నా అంచనా ప్రకారం నీకు వెళ్ళేటప్పుడు నాలుగో మెట్టు, వచ్చేటప్పుడు రెండోది కుదురుతుంది. రోజుకి రెండుసార్లు తిప్పాలా అని నవ్వకు. పానా సీటు కింద పెట్టుకుంటే రెండు వైపులా కలిపి రెండు నిమిషాల పని, చెరువు దగ్గర మేత దింపాక ఎలాగూ చేతులు కడుక్కుంటావు. ఒద్దంటే మూడో మెట్టు మీద ఉంచి రెంటికీ సర్దుకో, కానీ అది సర్దుబాటే. ఏం చేసినా రెండు షాకులూ ఒకే మెట్టు మీద ఉండాలి. ఎడమది మూడు, కుడిది నాలుగు ఉన్న బళ్ళు నెలకి ఒకటైనా వస్తాయి, వెనక చక్రం వంకరగా నెడుతుంటుంది పాపం. రింగు దగ్గర మట్టి గట్టిపడి ఉంటే ముందు కడిగి, రెండు చుక్కల నూనె వేసి తిప్పు, బలవంతం చేస్తే ఆ మెట్లు కోసుకుపోతాయి.

ఇంతదాకా ముందు చక్రం దగ్గరికి పోలేదని గమనించావా. ఇప్పుడు పోదాం, ఎందుకంటే యాభై దగ్గర హ్యాండిల్ ఊగడమన్నది ఒక్క బరువు వల్ల కాకపోవచ్చు.

కోన్ సెట్ చూడు, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు. సెంటర్ స్టాండ్ మీద ఉంచి, ఎవరినైనా వెనక సీటు నొక్కమంటే ముందు చక్రం లేస్తుంది. ఫోర్కులు అడుగున పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి నెట్టు. టక్ టక్ మని చేతికి తగిలితే లూజు. తర్వాత హ్యాండిల్‌ని ఒక్క వేలితో మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పు. నడిమధ్యలోకి రాగానే గూట్లో పడ్డట్టు టక్కుమని ఆగిందా, ఆ బేరింగు గిన్నెల్లో గుంటలు పడ్డాయన్నమాట. బిగిస్తే పోదు. సెట్ మార్చాలి. గుంట పడ్డ కోన్ సెట్‌తో గట్టు మీద తిన్నగా పోవడం ఎవడివల్లా కాదు, ఎందుకంటే చక్రం గాడిలో పడ్డప్పుడు మనకి తెలియకుండానే చేతులు వెంట్రుక వాసి సర్దుతుంటాయి, ఆ చిన్న సర్దుబాటుని ఈ గుంట ఆపేస్తుంది. నువ్వు కాస్త బలం పెడతావు, అది ఒక్కసారిగా వదులుతుంది, బండి అవతలి గాడిలో ఉంటుంది. అదే ఊపులో వెనక చక్రం పట్టుకుని పక్కకి ఊపి చూడు, స్వింగ్ ఆర్మ్, అదే వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం, దాని బుష్‌లు అరిగాయేమో తెలుస్తుంది. రొయ్యల చెరువుల దారి కదా, ఉప్పునీళ్ళు తగిలిన బండికి ఇవి త్వరగా పోతాయి. చక్రం పుల్లలు ఒక్కొక్కటీ పానాతో తట్టు, గొంతు మారిన పుల్ల వదులైనట్టు.

ఫోర్కు ఆయిల్ గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. షెడ్డు పెట్టిన కొత్తల్లో, ఫోర్కు ఆయిల్ దొరక్కపోతే ఇంజను ఆయిల్ పోసేసేవాణ్ణి. 20డబ్ల్యూ40 గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం అంకె. చిక్కగా ఉంటుంది, నొక్కి చూస్తే గట్టిగా ఉంది కదా అని బండాయనా సంతోషించేవాడు, నేనూ సంతోషించేవాణ్ణి. ఒక పాలాయన మాత్రం నాలుగు రోజులకి తిరిగొచ్చి, గ్రావెల్ మీద చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, క్యాన్లలో పాలు చిలికిపోతున్నాయి అన్నాడు. నేను నమ్మలేదు. ఆయన బండి తీసుకుని ఏటిగట్టు మీద పోయి వచ్చాక తెలిసింది. సిమెంటు రేకులా అలలు అలలుగా లేచిన గ్రావెల్ మీద, మొదటి దెబ్బకి ఫోర్కు లోపలికి పోతుంది, ఆయిల్ చిక్కగా ఉంటే మళ్ళీ పైకి రావడానికి ఆలస్యం, ఈలోపు రెండో దెబ్బ. అలా దెబ్బదెబ్బకీ కిందికి దిగి, చివరికి ఫోర్కు అడుగంటిపోయి ఇనప కడ్డీలా అయిపోతుంది. నిలబెట్టి నొక్కితే ఇది బయటపడదు.

కాబట్టి బండి పుస్తకంలో ఏ గ్రేడు ఉంటే అదే, చాలా బళ్ళకి 10డబ్ల్యూ. ఎంత పొయ్యమంటే అంతే, కొలత గ్లాసుతో, రెండు కాళ్ళకీ సమానంగా. ఎక్కువ పోస్తే ఏమవుతుందంటే, ఆయిల్ పైన ఉన్న గాలి కూడా ఒక స్ప్రింగే. ఆయిల్ మట్టం పెంచితే ఆ గాలికి చోటు తగ్గి, ఫోర్కు చివరి దాకా దిగేటప్పుడు బాగా గట్టిపడుతుంది. తెలిసినవాళ్ళు ఐదు, పది మిల్లీమీటర్లు అలా పెంచుతారు, తప్పేం లేదు. కానీ చెంచా ఎక్కువ పోస్తే మంచిదే కదా అని పోసుకుంటూ పోతే, ఆయిల్ బయటికి కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు తన్నేస్తాయి. ఉన్న ఆయిల్ పనిచేస్తోందా లేదా తెలియాలంటే, ముందు బ్రేకు పట్టి హ్యాండిల్ గట్టిగా కిందికి నొక్కి వదులు. ఒక్కసారి లేచి కుదురుకోవాలి. లేచి, దిగి, మళ్ళీ లేస్తుంటే ఆయిల్ చచ్చిపోయింది. ఏడేళ్ళలో ఒక్కసారీ మార్చలేదన్నావు కాబట్టి పరీక్ష కూడా అక్కర్లేదు, మార్చెయ్. 2022 జూలై వరదల్లో నీ బండి మునిగిందా? ఆ నెల తర్వాత లంకల నుంచి వచ్చిన బళ్ళ ఫోర్కులు విప్పితే లోపల ఆయిల్ టీ నీళ్ళలా ఉండేది. మునిగుంటే పాత ఆయిల్ పారబోసి సరిపెట్టకు, విప్పి కడిగించు.

సీళ్ళు కారుతుంటే కొత్తవి వేసేముందు ఫోర్కు పైపుని గోటితో గీకి చూడు. సముద్రం దగ్గర ఊళ్ళల్లో ఉప్పుగాలికి పైపు మీద సూది పొడిచినంత తుప్పు గుంటలు పడతాయి. గోరు పట్టుకుందంటే సీలు కూడా పట్టుకుని చిరుగుతుంది. ఏడాదిలో మూడు జతల సీళ్ళు మార్పించి మెకానిక్‌ని తిట్టుకునేవాళ్ళంతా ఈ గుంటల బాధితులే. రబ్బరు తొడుగులు మంచివే, కానీ వాటిలోపల మట్టి చేరితే గుడ్డ కప్పి ఆకురాయి పెట్టినట్టే. రెండు నెలలకోసారి పైకి జరిపి తుడువు.

ముందు ఫోర్కు ఎంత వాడుతోందో తెలుసుకోవడానికి పైపుకి ఒక సన్నటి రబ్బరు బ్యాండు కట్టి, సీలు దాకా జరిపి, గట్టు మీద ఒక ట్రిప్పు వెళ్ళిరా. బ్యాండు ఎక్కడ ఆగిందో అంతవరకూ దిగిందన్నట్టు. పెద్ద గుంటకి దాదాపు చివర దాకా పోయి, ఓ వేలి మందం మిగిలితే సరిగ్గా ఉంది. సగం కూడా పోలేదంటే ఆయిల్ చిక్కనో ఎక్కువో అయ్యింది, లేదా నీ ముందు చక్రం మీద బరువే లేదు.

టైర్ల గాలి విషయంలో గొలుసు కవరు మీద స్టిక్కరు చెరిగిపోకుండా ఉంటే దాన్నే నమ్ము. మామూలుగా ఈ బళ్ళకి ఒక మనిషికి ముందు 25 పాయింట్లు, వెనక 28. బస్తాలతో వెనక స్టిక్కరు మీద ఇద్దరికి రాసిన అంకె పెట్టించాలి, తగ్గించకూడదు. తగ్గిస్తే గుంటలో ట్యూబు రిమ్ముకి నలిగి పంక్చరవుతుంది, టైరూ వేడెక్కుతుంది. ముందు మాత్రం వానాకాలం బురద గట్టుకి రెండు పాయింట్లు తగ్గించుకోవచ్చు. ముందు టైరు నిలువు గీతలదా? ఆ గీతలు తారు మీద హాయి, గాడిలో మాత్రం గాడి అంచునే పట్టుకుని పోతాయి. ఈసారి మార్చేటప్పుడు అదే సైజులో గళ్ళ టైరు వేయించు.

మన గట్లకి కాలాన్ని బట్టి గుణం మారుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీసి ఆ మట్టంతా గట్టు మీదే పోస్తారు. మేలో అది గడ్డలు గడ్డలు, జూన్‌లో నీళ్ళొదిలి తొలకరి పడేసరికి జిగురు. ఒండ్రు మట్టి ముందు మడ్‌గార్డు కింద ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు, దానికి ఏ షాకూ మందు కాదు, ఒక వెదురు పుల్ల బండికి కట్టుకో. ఎండు గడ్డల కాలంలో వెనక ఒక మెట్టు తగ్గించినా మంచిదే, బురదలో మాత్రం ఎత్తుగా ఉండాలి.

సిమెంటు రోడ్డు ఎక్కేటప్పుడు ధన్‌మంటోందన్నది కాస్త సెట్టింగు, కాస్త నీ తప్పు. ఆ అంచు జానెడు లేకపోయినా బెత్తెడు ఉంటుంది. ఏటవాలుగా ఎక్కితే ముందు చక్రం అంచు వెంట జారిపోతుంది, తిన్నగా ఎక్కాలి. గేరు దించి, అంచు వచ్చేముందే బ్రేకు వదిలి, పిర్రలు సీటు మీద నుంచి అంగుళం లేపు. గాడిలో ఉన్నప్పుడు ముందు బ్రేకు ముట్టుకోకు. అవతల కాలువ ఉంది, రెయిలింగ్ లేదు, మనకి తెలిసిందే.

గ్యాస్ షాకుల సంగతి ఆఖర్న పెట్టడానికి కారణం, ఇవన్నీ చేశాక చాలామంది ఆ మాట మర్చిపోతారు. నీ వెనక షాకు కడ్డీ నూనె తడిగా ఉందా, సీటు నొక్కి వదిలితే రెండు మూడుసార్లు ఊగుతోందా, అప్పుడు మార్చాలి, అదీ జతగా, నీ మోడల్‌కి వచ్చే పొడుగువే. నూనె పోయిన షాకుల్ని రంధ్రం కొట్టి మళ్ళీ నింపి ఇస్తామనేవాళ్ళ దగ్గరికి పోకు. పెద్ద బండివి, పొడుగువి అస్సలు వద్దు. వెనక లేచి గొలుసు స్వింగ్ ఆర్మ్‌కి రాసుకుంటుంది, బండి అతి చురుకై సిమెంటు రోడ్డు మీద ఊగుడు ఇంకా ఎక్కువవుతుంది.

షాకు మెట్టు మార్చిన రోజున గొలుసు కూడా చూసుకో. షాకులు కుంగినకొద్దీ గొలుసు బిగుస్తుంది, కాబట్టి బస్తాలతో నువ్వు కూర్చున్నాక కూడా వేలితో నొక్కితే కాస్త ఆడాలి.

వరస ఇలా పెట్టుకో. ఈ వారం బస్తాలు ముందుకి జరిపి, గాలి సరిచేసి, కొలిచి మెట్టు మార్చు. నాలుగు రోజులు తిరుగు. తర్వాతే కోన్ సెట్టూ ఫోర్కు ఆయిలూ ముట్టుకో. అన్నీ ఒకేరోజు చేయిస్తే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. కొలిచిన మూడు అంకెలూ, హ్యాండిల్ మధ్యలో ఆగుతోందో లేదో రాసి పంపు, షాకులు మార్చాలో అక్కర్లేదో అప్పుడు చెప్తాను.